తేనెటీగలకు చెప్పిన మాట

ఆ రోజు ఉదయం రూబెన్ తన శవపేటికకు తనే మేకులు ఏరుతున్నాడు.

"ఇది వద్దు బావా, తుప్పు పట్టింది," అని ఒకటి పక్కన పడేశాడు. "పోయేది ఒక్కసారి. మేకులన్నా మంచివి వెయ్యండి."

పీపాలు చేసే ఆ కొట్టంలో ఎప్పటిలాగే ఓక్ చెక్క పొట్టు వాసన. కిటికీ అవతల నవంబరు మంచు, గడ్డి మీద ఇంకా కరగలేదు. మా చెల్లెలు కెజయా ఒక మూల కూర్చుని గొర్రె ఉన్ని పాయలు తీస్తోంది. రూబెన్ దాని మొగుడు. మా ఊరు కోల్డ్‌బ్రూక్‌లో పీపాలు చేసేవాడు అతనొక్కడే. సైడరు అనే ఆపిల్ కల్లుకైనా, ఉప్పు చేపకైనా, తుపాకి మందుకైనా అతని చేతి పీపానే.

మమ్మల్నేలే ఇంగ్లండు రాజు మా మీద కోపంతో బోస్టన్ రేవు మూయించిన ఏడాది అది. ఎర్రకోటు సిపాయిలు మా ఏటి వంతెన దగ్గర గుడారాలు వేసి, వచ్చే బండినీ పోయే బండినీ గాలించడం మొదలుపెట్టారు. ఒక రోజు అక్కడ మాటా మాటా పెరిగింది. ఒక సిపాయి లెమ్యుయెల్ డీకన్ గారిని తుపాకి మడమతో గుండెల మీద పొడిచాడు. డెబ్బై ఏళ్ల మనిషి, చర్చి పెద్ద, బురదలో పడ్డాడు. రూబెన్ చేతిలో పీపాచెక్క ఉంది. ఆ సిపాయి చెయ్యి రెండు చోట్ల విరిగింది. అప్పటి నుంచి రూబెన్ కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. దొరికితే బోస్టన్ తీసుకెళ్లి ఉరి వేస్తారు. ఆ మాట ఊళ్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

దానికి తోడు ఇంకో చిక్కు. ఊరి మందుగుండు అంతా రూబెన్ కొట్టంలోనే, ఏటికి ఇవతల ఉండిపోయింది. రాజు సిపాయిలతో పోరుకి మా ఊరి మగవాళ్లు కవాతు చేసేది అవతల. ఏ బండినీ వెతక్కుండా వంతెన దాటనివ్వరు. ఒక్క శవపేటికను తప్ప.

"రెండు చిక్కులకీ ఒకటే పెట్టె," అన్నాడు రూబెన్. ఆలోచన పూర్తిగా అతనిదే. ఆ శరత్కాలం మా ఊళ్లో గొంతు జబ్బు తిరుగుతోంది. అంటుకునే జబ్బు, పెట్టె తెరవమని ఎవరూ అడగరు. రూబెన్ పోయాడంటే సిపాయిలు వెతకడం మానేస్తారు. మందుగుండు ఏటి అవతల సమాధుల దొడ్డిలో పడుకుంటుంది. రూబెన్ రెండు రోజులు నేలమాళిగలో ఉండి, చీకటి చూసుకుని ఉత్తరాన మా పిన్ని వాళ్ల ఊరికి పోతాడు.

చిన్న పీపాలు పేర్చి, కదలకుండా మధ్యలో ఉన్ని దోపి, కాళ్ల వైపు ఒక ఇసుక సంచి పెట్టాను.

"ఇంకొంచెం వెయ్యి బావా. లేకపోతే పెళ్లాం తిండి పెట్టలేదనుకుంటారు."

"నోరు ముయ్యి," అంది కెజయా. "బతికున్న మనిషికి ఇన్ని చావు మాటలేంటి?"

"నా చావుకి వచ్చినవాళ్లకి ఆచారం ప్రకారం చేతిజోళ్లన్నా పంచుతావా?"

"ఇంగ్లండు సరుకు కొనకూడదని ఊరంతా ఒట్టు పెట్టుకున్నాం. నీ కోసం ఒట్టు తప్పమంటావా?"

"చూశావా బావా," అన్నాడు రూబెన్. "చచ్చినా మర్యాద లేదు."

కెజయా నవ్వింది. ఆ ఇంట్లో నేను విన్న మామూలు నవ్వు అదే ఆఖరు.

పేటికను ఇంటి ముందు గదిలోకి చేర్చాం. రూబెన్ వంటింటి కింద ఉన్న నేలమాళిగలోకి దిగాడు. దాని తలుపు నేలలో కలిసిపోయిన ఒక పలక. దాని మీద చాప పరిచి, పిండి పీపా దొర్లించి పెట్టాం. డీకన్ గారు, మరో నలుగురు మోసేవాళ్లు వచ్చారు. అవతల చర్చి గంట మొదలయింది.

పేటిక ఎత్తేలోపే సార్జంటు వచ్చాడు.

ఇద్దరు కుర్ర సిపాయిలను వాకిట్లో నిలిపి, తనొక్కడే గుమ్మం ఎక్కాడు. ఎడమ చేత్తో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. నెరిసిన జుట్టు, మోచేతుల దగ్గర అతుకులేసిన ఎర్రకోటు, పొలం పనిలో ఒంగిన భుజాలు.

"పెట్టె తెరవాలి," అన్నాడు.

"గొంతు జబ్బు," అన్నారు డీకన్ గారు. "ఊళ్లో ఇది మూడో ఇల్లు. తెరుస్తానంటే తెరవండి. మేం బయట నిలబడతాం."

వాకిట్లో సిపాయిలు ఒక అడుగు వెనక్కి వేశారు. సార్జంటు పేటిక వైపు కాసేపు చూశాడు. తరవాత కెజయా ముఖం చూశాడు. తరవాత కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. అక్కడ గోడవార పలక మీద, గడ్డితో అల్లిన తేనెబుట్టలు మూడు బోర్లించి ఉన్నాయి.

"వాటికి నల్లగుడ్డ కట్టలేదే," అన్నాడు.

మోసేవాళ్లలో ఒకడు తల దించుకున్నాడు.

ఆ ఆచారం మా ఊళ్లోనూ ఉంది. ఇంటి యజమాని పోతే, పెట్టె ఇల్లు దాటకముందే ఇంటి తాళంచెవితో ఒక్కో తేనెబుట్ట మీద మూడుసార్లు తట్టి, ఆ సంగతి ఈగలకు చెప్పాలి. నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే ఈగలు లేచిపోతాయి. లేదంటే బుట్టలోనే రాలిపోతాయి. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే. అయితే పోయినవాడు మా కాళ్ల కింద కూర్చుని ఆపిల్ పండు కొరుక్కుంటున్నాడు కదా. చెప్పాలని ఒక్కరికీ తోచలేదు.

"మా అమ్మకి పెరటినిండా బుట్టలే," అన్నాడు సార్జంటు, నెమ్మదిగా. "మా నాన్న పోయినప్పుడు ఏడవడం కూడా తరవాతే. ముందు ఈగల దగ్గరికి వెళ్లింది. ఆయన పోయి ఒక రాత్రి గడిచిందంటున్నారు. ఇంతవరకు చెప్పలేదంటే... ఈ ఇంట్లో అసలు ఎవరైనా పోయారా అని నాకు అనుమానం వస్తోందమ్మా."

కెజయా పెదాలు తెల్లబడ్డాయి.

"ఏడుపులో పడి మర్చిపోయాను," అంది. "ఇప్పుడే చెబుతాను."

నా వైపు చూసింది. దాని కళ్లలో బెదురు. డీకన్ గారికి ఇలాంటివి గిట్టవు, దేవుడి పుస్తకంలో లేనివన్నీ ఆయనకు చాదస్తం. "చెప్పెయ్ తల్లీ, పొద్దుపోతోంది," అన్నారు.

అందరం పెరట్లోకి వెళ్లాం. చలికి ఈగలు బుట్టల్లోపల ముద్దకట్టుకుని ఉంటాయి ఆ నెలలో. బయట ఒక్కటి లేదు. చప్పుడు లేదు. ఆ బుట్టలు రూబెన్ తండ్రివి, ఇంటితో పాటు రూబెన్‌కి వచ్చాయి. అతనికి ఈగలంటే హడలు. తేనె తీసేది కెజయానే. అయినా యజమాని యజమానే.

తాళంచెవి తీసుకుని మొదటి బుట్ట మీద తట్టింది. మూడుసార్లు.

"మీ యజమాని... పోయాడు."

"పేరు చెప్పాలమ్మా," అన్నాడు సార్జంటు వెనకనుంచి, మెల్లగా, ఇంట్లో పెద్దమనిషి చెప్పినట్టు. "పేరు చెప్పకపోతే వాటికి తెలీదు."

కెజయా కళ్లు మూసుకుంది. "రూబెన్ హాచ్ చనిపోయాడు. మీరు పోవద్దు. ఇక నుంచి నేను చూసుకుంటాను."

ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత గడ్డి లోపలినుంచి సన్నటి రొద లేచింది. అది పెరిగింది, నిలకడగా సాగి, మెల్లగా అణిగిపోయింది.

"ఒప్పుకున్నాయి," అన్నాడు సార్జంటు.

మూడు బుట్టలకూ చెప్పింది. మూడూ ఒప్పుకున్నాయి. కెజయా తన నల్ల పైగుడ్డ చింపింది గానీ ముడి వెయ్యడానికి చేతులు నిలవలేదు. సార్జంటే వేశాడు, ఎడమచేతి వాటంగా. రెండు చుట్లు తిప్పి, చివర్లు లోపలికి మడిచి దోపే ముడి. మా వైపు ఎవరూ అలా వెయ్యరు.

ఆ మనిషికి ఇక అనుమానం లేదు. మోసేవాళ్లలో ఒకడు దగ్గుతుంటే పక్కకు తప్పించి, పేటిక మూల తనే భుజానికెత్తుకున్నాడు.

"బరువు మనిషే," అన్నాడు.

"తిండిపుష్టి," అన్నాను నేను.

వంతెన మీద సిపాయిలు టోపీలు తీసి దారిచ్చారు. ఊరి మందుగుండు అంతా ఒక సార్జంటు భుజం మీద ఏరు దాటింది. గుంటలోకి దించాక మొదటి పిడికెడు మట్టి కూడా అతనే వేశాడు. పెట్టె పలక మీద మట్టి పడిన చప్పుడు బోలుగా వినిపించింది.

ఇంటికొచ్చేసరికి వెలుగు సన్నగిల్లింది. నవంబరులో మా వైపు సాయంత్రాలు అంతే, దీపం వెలిగించేలోపు కమ్ముకొస్తాయి. ఏటి మీద నుంచి పొగమంచు పాక్కుంటూ వస్తోంది. డీకన్ గారూ మిగతావాళ్లూ ఏటి అవతలే ఉండిపోయారు. కెజయా, నేను మాత్రం వచ్చాం.

పిండి పీపా జరిపి, చాప తీసి, పలక ఎత్తాం. నేలమాళిగలోంచి ఎప్పుడూ వచ్చే ఆపిల్ పళ్ల వాసన రాలేదు. తడి మట్టి వాసన వచ్చింది. అప్పుడే తవ్విన మట్టి.

"అయిపోయిందయ్యా," అని పిలిచింది కెజయా. "పైకి రా."

"దీపం ఇటు పెట్టు," అన్నాడు రూబెన్ కిందనుంచి. "మెట్టు కనబడట్లేదు."

దీపం పట్టుకుని నేనే దిగాను. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇచ్చిన రొట్టె, చిక్కుడు గింజలు గిన్నెలో అలాగే ఉన్నాయి. పక్కన ఆపిల్ పండు, ఒక్కసారి కొరికినది.

"తినలేదేం?"

"ఆకలి వెయ్యలేదు బావా." నవ్వబోయాడు. "ఇంత కాలం పెళ్లాం వంటకి వంకలు పెట్టాను. ఇప్పుడు రుచే తెలియట్లేదు. ఇంతకీ నా మీద అదంతా ఏం పోశారు?"

"ఏం పోశాం?"

"మట్టి. పలక మీద పడింది, విన్నాను. ముందు ఒక పిడికెడు. తరవాత పారలతో. ఆపమని అరిచాను కూడా. మీకు వినిపించలేదా?"

గుంట తవ్విన చోటుకీ ఈ ఇంటికీ మధ్యలో ఒక ఏరుంది.

దీపం కాస్త ఎత్తాను. అతని జుట్టులో మట్టి ఉంది. కనుబొమల మీద, కోటు మడతల్లో ఎర్రమట్టి. ఆ నేలమాళిగలో ఉన్నది ఇసుక. ఎర్రమట్టి సమాధుల దొడ్డిలోనే ఉంటుంది.

"చలేస్తోందా?" అని అడిగాను. ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"లేదే. ఏమీ వెయ్యట్లేదు."

అప్పుడు చూశాను. ఆ చలికి నా నోట్లోంచి తెల్లటి ఆవిరి వస్తోంది. మెట్ల మీద వంగి చూస్తున్న కెజయా నోట్లోంచి వస్తోంది. రూబెన్ మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు... అతని నోటి ముందు ఏమీ లేదు. దీపం అతని పెదాలకు దగ్గరగా పట్టాను. మంట కదల్లేదు.

కెజయా కూడా చూసింది.

దిగి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. వెంటనే వదల్లేదు, వదలాలనిపించినా. నేను దాని ముఖం చూస్తున్నాను కదా, తెలిసింది.

"ఏమే, అలా ఉన్నావేం?" అన్నాడు రూబెన్. తరవాత తల ఒక పక్కకి వంచాడు. "ఆ రొద మీకు వినిపిస్తోందా? మధ్యాహ్నం నుంచీ అంతే. చెవి దగ్గరే... నా పేరు నేర్చుకుంటున్నట్టు."

కెజయా లేచి నిలబడింది. మెల్లగా అతని జుట్టులో మట్టి దులిపింది. "ఇక్కడే ఉండు. ఇప్పుడే వస్తాను," అని నా వైపు తిరిగి గుసగుసగా అంది. "అన్నయ్యా, దీపం తీసుకుని రా. తాళంచెవి నా దగ్గరే ఉంది."

"ఎక్కడికి?"

"తప్పు చెప్పాను వాటికి. దిద్దాలి."

బళ్లో పిల్లలకి నేను రోజూ చెప్పేది అదే. తప్పు రాస్తే పలక తుడిచి మళ్లీ రాయండి, సిగ్గుపడాల్సింది లేదు అని. ఆ సాయంత్రం దాని వెనకే పెరట్లోకి నడుస్తూ, ఈ పలక మీది రాత తుడిస్తే పోతుందా అని భయం వేసింది.

పొగమంచు గోడ దాకా వచ్చేసింది. బుట్టలు మూడూ నల్లగుడ్డలు కట్టుకుని, తలలు వంచుకున్న మనుషుల్లా ఉన్నాయి. లోపల రొద. చలికాలంలో ఉండకూడని రొద. కాళ్ల కింద గడ్డిలో ఏదో చిటపటమంది. దీపం దించి చూశాను.

ఈగలు. ఎగరడం లేదు. మంచు మీద నడుస్తున్నాయి. బుట్టల దగ్గర మొదలై, ఒకదాని వెనక ఒకటి, సన్నటి గీతలాగా... వంటింటి గుమ్మం వైపు.

కెజయా మొదటి బుట్ట ముందు మోకరించింది. తట్టింది. మూడుసార్లు.

"నేను అబద్ధం చెప్పాను," అంది. "మీ యజమాని పోలేదు. రూబెన్ హాచ్ బతికే ఉన్నాడు."

రొద ఆగిపోయింది.

మూడు బుట్టల్లోనూ ఒకేసారి. గడ్డి మీద నడిచే ఈగలు కూడా ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఏటి చప్పుడు వినిపించింది దూరంగా. కెజయా ఊపిరి వినిపించింది.

తరవాత... బుట్ట లోపలినుంచి ఎవరో తట్టారు.

ఒకటి.

రెండు.

మూడు.

గడ్డి బుట్ట అది. గడ్డి మీద తడితే అంత గట్టి చప్పుడు రాదు. అది చెక్క మీద వేలి కణుపులతో తట్టిన చప్పుడు.

"బతికే ఉన్నాడా," అంది ఒక గొంతు మా వెనక.

సార్జంటు. గోడ దగ్గర, పొగమంచులో, ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఎడమ చేతిలో చిన్న గుడ్డమూట. మేం చావింట పంచిన తీపి రొట్టె ముక్క, అతని వంతుది.

"ఇది ఈగలకి పెట్టాలి," అన్నాడు, మూట చూసుకుంటూ. "చావింటి రొట్టెలో వాటికీ ఒక ముక్క పెట్టాలి. చెప్పడం మర్చిపోయానని వచ్చాను..." అని ఆగాడు. "బతికే ఉన్నాడన్నారు."

అబద్ధం ఆడటానికి నోరు తెరిచాను. ఈలోపు ఇంట్లోంచి రూబెన్ గొంతు, అడుగునుంచి వచ్చినట్టు, మట్టిలోంచి వచ్చినట్టు వినిపించింది.

"కెజయా... మళ్లీ మట్టి పోస్తున్నారే..."

సార్జంటు ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అతని ముఖం మీద ఉన్నది భయం. తుపాకి చూస్తే భయపడని మనిషి భయం.

"ఎంత పని చేశారమ్మా," అన్నాడు గుసగుసగా. "మా ఊళ్లో పిల్లలు ఆటకి కూడా ఆ మాట అనరు. బతికున్నవాడి పేరు..."

"మీరే చెప్పమన్నారు," అంది కెజయా.

"పోయాడనుకుని చెప్పమన్నాను."

"ఇప్పుడేం చెయ్యాలి? మీ అమ్మ ఏం చెప్పేది?"

సార్జంటు తల అడ్డంగా ఊపాడు. "వాటికి చెప్పింది వెనక్కి తీసుకునే మాట లేదు. ఒకరు పోయారని చెబితే అవి చోటు సిద్ధం చేస్తాయి. ఆ చోటు ఖాళీగా ఉండదు. అంతే చెప్పింది మా అమ్మ."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ఈ చలికా? తెల్లారేలోపే."

మూట విప్పి, రొట్టె ముక్కను మధ్య బుట్ట ముందు పెట్టాడు. లేచి కోటు సర్దుకున్నాడు. "నేను వెళ్లి మావాళ్లకి చెప్పాలి. ఆ కుర్రాడి చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. చెప్పక తప్పదు మాస్టారూ, అందుకే నాకు జీతం. వాళ్లు వచ్చేసరికి ఉరి తియ్యడానికి ఇక్కడ ఎవరూ మిగలకపోవచ్చు. అయినా చెప్పాలి."

గేటు వైపు తిరిగాడు.

"అన్నా," అని పిలిచింది కెజయా.

ఆ పిలుపుకి అతను ఆగిపోయాడు. సముద్రం దాటి వచ్చాక అతన్ని అలా పిలిచినవాళ్లు ఉండరు.

"నా మొగుడి పెట్టె మోశావు. నీ పేరేంటో కూడా నాకు తెలీదు."

ఎడమ చేత్తో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "జెత్రో కూంబ్, అమ్మా."

"జెత్రో కూంబ్," అంది కెజయా, గుర్తు పెట్టుకుంటున్నట్టు.

అతను పొగమంచులోకి నడిచాడు. ఎర్రకోటు కాసేపు బూడిదరంగుగా కనిపించి, తరవాత అదీ పోయింది.

"అన్నయ్యా," అంది కెజయా. నా వైపు చూడలేదు. "నువ్వు లోపలికి వెళ్లి ఆయన దగ్గర కూర్చో."

"కెజయా..."

"వెళ్లు."

వెళ్లాను. నేలమాళిగ మెట్ల మీద ఈగలు. ఒక్కో మెట్టూ నల్లగా, మెరుస్తూ. అడుగు పెడితే తప్పుకున్నాయి. రూబెన్ ఇంకా గోడకి ఆనుకునే ఉన్నాడు. అవి అతని చేతుల మీద, మెడ మీద, కనురెప్పల మీద ఉన్నాయి. ఈగలంటే హడలిపోయే మనిషి... కదలడం లేదు. కుట్టడం లేదు అవి. కప్పుతున్నాయి.

"బావా," అన్నాడు, పెదాలు కదపకుండా. "వెచ్చగా ఉంది."

పైన పెరట్లో తాళంచెవి చప్పుడు. మూడు. ఆగింది. మూడు. ఆగింది. మూడు.

కెజయా ఏదో అంది. మాట వినిపించలేదు. గొంతు మాత్రం వినిపించింది, చాలా మామూలుగా, పొరుగింటి అమ్మతో మాట్లాడుతున్నట్టు.

అప్పుడు రొద లేచింది. మధ్యాహ్నం విన్నది కాదు. ఇల్లంతా దానితో అదిరింది, గిన్నెలో చెంచా గిలగిల్లాడింది. రూబెన్ మీది ఈగలన్నీ ఒక్కసారిగా లేచి, నా ముఖం పక్కనుంచి, మెట్ల మీదుగా, పైకి... కప్పు మీదుగా ఆ రొద సాగిపోయింది. ఏటి వైపు. వంతెన వైపు. సన్నబడింది. సన్నబడి... ఆగింది.

రూబెన్ దగ్గాడు.

ఒకసారి, రెండుసార్లు, ఊపిరితిత్తుల్లోంచి ఏదో ఊడిపోతున్నట్టు దగ్గాడు. అతని నోటి ముందు తెల్లటి ఆవిరి లేచింది.

తెల్లారి సిపాయిలకు వంతెన గట్టు మీద సార్జంటు కనిపించాడు. కూర్చుని ఉన్నాడు, టోపీ గుండెకి ఆనించుకుని. ఒంటి మీద దెబ్బ లేదు. ఒక్క కాటు లేదు. శవపేటిక మోసినవాడు కాబట్టి గొంతు జబ్బే అంటుకుందని వాళ్లనుకున్నారు. అతన్ని మా సమాధుల దొడ్డిలోనే, మా మందుగుండు పక్కనే పాతిపెట్టి, ఆ మధ్యాహ్నమే గుడారాలు ఎత్తేసి వెళ్లిపోయారు. రూబెన్ గురించి అడగడానికి మళ్లీ ఎవరూ రాలేదు. ఉత్తరానికి పారిపోవాల్సిన అవసరమే లేకపోయింది.

నల్లగుడ్డలు విప్పి కెజయా పొయ్యిలో వేసింది. నేనే చూశాను.

ఆ సాయంత్రం వాటికి ఏం చెప్పావని ఒకే ఒక్కసారి అడిగాను. రొట్టె పిండి పిసుకుతోంది.

"నేనుగా ఏం చెప్పలేదన్నయ్యా," అంది. "అవే పేరు అడిగాయి."

చలికాలమంతా రూబెన్ బాగానే ఉన్నాడు. తింటున్నాడు, పని చేస్తున్నాడు. జోకులు తగ్గాయి. ఒక రోజు కొట్టంలోకి వెళ్లేసరికి పీపాచెక్క చెక్కుతున్నాడు. పని నున్నగా ఉంది, ఎప్పటికంటే నున్నగా. కాసేపు చూశాక గాని ఏం తేడానో నాకు అందలేదు. బాడిసె ఎడమ చేతిలో ఉంది. మార్చి నెలలో ఎండ కాస్తే బుట్టల దగ్గర చొక్కా చేతులు మడిచి కూర్చునేవాడు. ఈగలు అతని ముంజేతుల మీద పాకేవి. కెజయా వంటింటి కిటికీలోంచి చూసి, పరదా వేసేసేది. దాని వయసు ఆ చలికాలంలో ఎంత పెరిగిందో చెప్పలేను.

ఏప్రిల్లో ఒక తెల్లవారుజామున గంట మోగింది. ఎర్రకోట్లు బోస్టన్ నుంచి బయల్దేరారని గుర్రం మీద కబురు. సమాధుల దొడ్డిలో పార పడింది. మందుగుండు పొడిగా, చెక్కు చెదరకుండా పైకి వచ్చింది. మగవాళ్లంతా తుపాకులు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను.

రూబెన్ కోసం వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి ఉన్నాడు, తుపాకి భుజాన వేసుకుని. కెజయా గోడకి ఆనుకుని, అతనికి దూరంగా ఉంది. అతను ఎడమ చేత్తో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఈగలకి చెప్పారా?" అని అడిగాడు. చాలా మర్యాదగా.

"ఏమని?" అన్నాను.

అతను మెట్లు దిగి, మిగతావాళ్లలో కలిసి నడిచాడు.

కెజయా, నేను ఒకరినొకరు చూసుకున్నాం. తరవాత పెరట్లోకి వెళ్లాం. వెలుగు అప్పుడప్పుడే పడుతోంది. గడ్డి తడిగా ఉంది, దాని మీద ఒక్క అడుగు జాడ లేదు.

మూడు బుట్టలకూ నల్లగుడ్డ కట్టి ఉంది.

"నేను కట్టలేదు," అంది కెజయా. "రాత్రి ఆయన మంచం దిగలేదు. నేను నిద్రపోలేదు, చూస్తూనే ఉన్నాను."

దగ్గరికి వెళ్లి ముడి ముట్టుకున్నాను. రెండు చుట్లు తిప్పి, చివర్లు లోపలికి మడిచి దోపి ఉంది. గుడ్డకి ఎర్రమట్టి అంటుకుంది, ఇంకా తడిగా. దూరంగా ఊరి గంట ఆగింది. బుట్ట లోపల రొద మెల్లగా లేచి, ఒప్పుకున్నట్టు, అణిగిపోయింది.

ఎవరి పేరు చెప్పారో మాకు తెలీదు.